మెయిన్ ఆపినా పొగ ఆగలేదు

2023 జనవరి. సంక్రాంతికి ఇంకా పది రోజులుంది. మాది విశాఖ వన్‌టౌన్‌లో, కురుపాం మార్కెట్‌కి దగ్గర్లో ఒక సందు. కింద పిండి మర, పైన ఇల్లు. ఆ రోజుల్లో మరకి ఊపిరాడదు. అరిసెలకి తడిబియ్యం పట్టించుకోవడానికి ఆడవాళ్లు పొద్దున్నుంచే స్టీలు బేసిన్లు వరసలో పెట్టి వెళ్తారు. సాయంత్రం ఆరున్నర దాటింది. నేను కాటా దగ్గర ఉన్నాను, నాన్న మర దగ్గర ఉన్నారు.

ముందు ట్యూబులైటు మసకబారింది. అదే సమయానికి కాటా మీదున్న ఎల్ఈడీ బల్బు కళ్లు చెదిరేలా వెలిగింది. వరసలో ఉన్న ఒకావిడ "ఏటి బాబూ, లో వోల్టేజా?" అంది. నేనూ అదే అనుకున్నాను. లో వోల్టేజీ అయితే అన్నీ తగ్గాలి కదా, ఒకే గదిలో ఒక లైటు తగ్గి ఇంకో లైటు పెరగడం ఏమిటి అన్న ఆలోచన అప్పుడు రాలేదు. పైగా మర ఏ తేడా లేకుండా తిరుగుతోంది. దాని శబ్దం కూడా మారలేదు. "మర తిరుగుతోందిగా, కరెంటు బాగానే ఉంది" అని నాన్న ఇంకో బేసినెడు బియ్యం పోశారు.

అర నిమిషం గడిచిందో లేదో, కాటా మీద అంకెలు ఆరిపోయాయి. దాని వెనక నుంచి కాలిన వాసన వచ్చింది. బల్బు టప్పుమని పోయింది. కాటా ప్లగ్గు లాగేద్దామని వంగినప్పుడు వెనక గోడ కనిపించింది. మీటర్లున్న చెక్క బోర్డు పై అంచు నుంచి సన్నగా పొగ వస్తోంది.

నాన్న స్టార్టర్ ఎర్ర బటన్ నొక్కి మర ఆపారు. నేను మర మెయిన్ స్విచ్ కిందకి లాగేశాను. గది చీకటైంది. ఇంక భయం లేదనుకున్నాం. పొగ మాత్రం ఆగలేదు. చీకట్లో చూస్తే బోర్డు మీద, మెయిన్‌కి పైభాగంలో, వైర్ల మధ్య ఎర్రగా నిప్పు కనిపిస్తోంది. చిటపట శబ్దం కూడా వస్తోంది.

మా దగ్గర పనిచేసే కుర్రాడు బియ్యం కడిగే నీళ్ల బకెట్ ఎత్తాడు. వద్దని అరిచి ఆపాను. కరెంటున్న చోట నీళ్లు పోయకూడదని నాకు తెలుసు. తెలియనిది ఇంకొకటుంది. మెయిన్ ఆపేశాం కాబట్టి బోర్డులో కరెంటు లేదని నాన్న, నేను ఇద్దరం నమ్మాం. నాన్న కటింగ్ ప్లేయర్ తీసుకుని, ఆ కాలుతున్న టేపు ముద్దని పీకేద్దామని చెయ్యి పెట్టారు. ప్లేయర్ పిడికి తొడుగు ఎప్పుడో ఊడిపోయింది.

ఆయన అరవలేదు. ఒక్కసారిగా వెనక్కి విసిరేసినట్టు వెళ్లి బియ్యం బస్తాల మీద పడ్డారు. ప్లేయర్ ఎక్కడో పడింది. చెయ్యి వైరుకి అతుక్కుపోకుండా విడిపోయింది కాబట్టి బతికారు. ఒకవేళ అతుక్కుపోయి ఉంటే, నేను ముందూ వెనకా చూడకుండా ఆయన్ని పట్టుకుని లాగేవాణ్ణి. ఆ సంగతి నాకు ఖాయంగా తెలుసు, ఇప్పుడు తలచుకున్నా ఒళ్లు జలదరిస్తుంది. అలాంటప్పుడు ఒట్టి చేత్తో మనిషిని ముట్టుకోకూడదు. కరెంటు తీసేయగలిగితే ముందు అది తీసేయాలి, లేకపోతే పొడి చెక్క మీద నిలబడి పొడి కర్రతో నెట్టాలి. స్కూల్లో చదివిందే ఇది. ఆ క్షణంలో ఏదీ గుర్తుకు రాలేదు.

మంట ఆర్పింది పక్క మందుల షాపాయన. ఆయన షాపులో ఉన్న ఎర్ర సిలిండరు పట్టుకొచ్చి, పిన్ను లాగి, ఆరడుగుల దూరం నుంచే బోర్డు మీద పౌడరు కొట్టారు. ఆ పొడి పౌడరు కరెంటుని పట్టుకురాదు, అందుకే బోర్డులో కరెంటు ఉన్నా కొట్టొచ్చు. "అందరూ బయటికి నడవండి, బేగి" అని ఆయనే వరసలో వాళ్లని పంపించేశారు. గాలిలో పిండి తేలుతున్న మూసిన గదిలో నిప్పు రవ్వ పడితే గాలే భగ్గుమంటుందని ఆయనకి తెలుసు. మర ముందే ఆపాం కాబట్టి గాలిలో పిండి తక్కువుంది. లేకపోతే ఏమయ్యేదో నేను రాయలేను. ఆ హడావుడిలో ఎవరమూ ఫైర్ స్టేషన్‌కి, 101కి ఫోన్ చేయలేదు. ఇప్పుడైతే పొగ కనపడగానే ముందు ఆ ఫోనే చేస్తాను, మంట ఆరిందా లేదా అన్నది తరవాత.

కరెంటు ఆఫీసు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేస్తే సర్వీసు నంబరు అడిగారు. బిల్లు పైన అమ్మ దగ్గర, దేవుడి గదిలో క్యాలెండర్ వెనక ఉంది. అమ్మ దాన్ని వెతికి తెచ్చేలోపు అయిదు నిమిషాలు పోయాయి. నాన్నని నా స్నేహితుడి ఆటోలో కేజీహెచ్ ఆసుపత్రికి పంపించి నేను ఇంటి దగ్గర ఉండిపోయాను. ఆయన పక్కన ఉండలేకపోయినందుకు ఇప్పటికీ బాధే, కానీ ఆ బోర్డుని వదిలి వెళ్లడానికి ధైర్యం చాలలేదు. పైన అమ్మా, నా భార్యా, పిల్లలూ ఉన్నారు. అందరినీ కిందకి దించి వీధిలో నిలబెట్టాను.

లైన్‌మన్ గారు వచ్చి బోర్డు వైపు టార్చి వేసి చూశారు తప్ప దగ్గరకి వెళ్లలేదు. ముందు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కరెంటు ఆపించి, తరవాత స్తంభం ఎక్కి మా రెండు సర్వీసు వైర్లూ విప్పేశారు. మరకి త్రీ ఫేజు, ఇంటికి సింగిల్ ఫేజు. దిగాక, "మెయిన్ ఆపేశామండీ, అయినా షాకెలా కొట్టింది?" అని అడిగాను.

"బాబూ, మెయిన్ అంటే మీ గుమ్మం తలుపు. తలుపేస్తే వీధిలో కరెంటు వీధిలో ఉంటాది గానీ పోదు కదా. స్తంభం నుంచి కటౌట్‌కి, అదే మీటర్‌కి ముందుండే ఫ్యూజుకి, కటౌట్ నుంచి మీటర్‌కి, మీటర్ నుంచి మెయిన్ పై బిళ్ల దాకా ఎప్పుడూ బతికే ఉంటాది. అది ఆపాలంటే మేమే రావాలి."

ఇంట్లో అరవై ఏళ్లుగా ఆ స్విచ్ లాగుతూనే ఉన్నాం. దానికి పైన ఉన్నది ఆగదని మాలో ఒక్కరికీ తెలియదు.

కేజీహెచ్‌లో నాన్న వేలి కాలిన గాయానికి కట్టు కట్టి, ఈసీజీ తీశారు. కరెంటు ఏ చేతిలోంచి వెళ్లింది, స్పృహ తప్పిందా, గుండె దడగా ఉందా అని అడిగారట. పైకి కనపడే గాయం చిన్నదైనా కరెంటు లోపల కండని కాల్చగలదని, గుండె కొట్టుకునే లయ చెదరగొట్టగలదని చెప్పి తెల్లారేదాకా ఉంచారు. "నాకేం కాలేదు, ఇంటికి పోదాం" అని నాన్న గొడవ. ఉండాల్సిందేనని అక్కడి నర్సమ్మ గట్టిగా చెప్పిందట. ఆవిడకి నా దండం.

మర్నాడు పొద్దున్న తెలిసిన ఎలక్ట్రీషియన్ గారిని పిలిపించాం. ఐటీఐ చదివి నలభై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్న మనిషి. బోర్డు విప్పి ఒక ముద్ద తీసి నా అరచేతిలో పెట్టారు. నల్లటి బూడిద, మధ్యలో తెల్లటి పొడి, కరిగిన టేపు.

"ఇది మీ న్యూట్రల్" అన్నారు. కరెంటు తెచ్చే వైరు ఫేజు, అది తిరిగి వెళ్లే వైరు న్యూట్రల్.

దాని కథ నాన్నకి తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖని కొట్టినప్పుడు మా బోర్డు పూర్తిగా నానిపోయింది. రోజుల తరబడి కరెంటు లేదు. వచ్చిన రోజున మర తొందరగా నడవాలని నాన్న ఎవరినో బయటి మనిషిని పిలిచి అతుకు వేయించారు. అల్యూమినియం వైరుకి రాగి వైరు మెలిపెట్టి టేపు చుట్టేశాడు. తాత్కాలికం అనుకున్నది ఎనిమిదేళ్లు నడిచింది. అల్యూమినియం, రాగి నేరుగా కలిస్తే తేమ తగిలిన చోట అల్యూమినియం తినేసుకుపోతుంది. మాది సముద్రపు గాలి, అందులో ఉప్పు. పైగా బోర్డు మర ఉన్న గోడకే ఉంది. మర తిరిగినంతసేపూ గోడ అదురుతుంది, స్క్రూలు రోజుకి ఒక వెంట్రుకంత వదులవుతాయి. వదులైన చోట వేడి పుడుతుంది, వేడికి ఇంకా వదులవుతుంది. బోర్డు మీద వేలెడు మందాన పిండి ఉంది. వేడి దానికి అంటుకుంది, అక్కణ్ణుంచి చెక్కకి. పక్కనున్న ఫేజు వైరు తొడుగు కరిగి రాగి బయటపడింది. నాన్న ప్లేయర్ తగిలింది దానికే.

లైట్లు అలా ఎందుకు చేశాయో ఎలక్ట్రీషియన్ గారు చెప్పిన తీరు నాకు బాగా మనసుకెక్కింది. "ఒక మేకుకి మూడు వైపుల నుంచి మూడు రబ్బరు తాళ్లు కట్టారనుకోండి. మేకు గట్టిగా ఉన్నంతవరకూ మూడూ ఒకే పొడుగు. మేకు ఊడితే ఏమవుద్ది? ముడి బలమున్న వైపు జరిగిపోద్ది. ఆ తాడు పొట్టిదవుద్ది, మిగతావి సాగుతాయి." న్యూట్రల్ ఆ మేకు. ఎక్కువ లోడున్న ఫేజులో, అంటే మా ట్యూబులైట్లు, గాలి ఫ్యాన్లు ఉన్న దాంట్లో, వోల్టేజీ పడిపోయింది. తక్కువ లోడున్న ఫేజులో కాటా, బల్బు ఉన్నాయి. వాటికి 230 వోల్టులు అందాల్సిన చోట ఇంకా ఎంతో ఎక్కువ అందింది. రెండు ఫేజుల మధ్య ఉండేది 400 వోల్టులు, న్యూట్రల్ పూర్తిగా తెగితే దాదాపు అంతవరకూ పోవచ్చు. మర మోటారుకి మాత్రం మూడు ఫేజులే చాలు, దానికి న్యూట్రల్‌తో పని లేదు. అందుకే ఏమీ జరగనట్టు తిరుగుతూ ఉండిపోయింది.

ఒక లైటు మసకబారి ఇంకోటి మండిపోతుంటే అది న్యూట్రలే అని, క్షణం ఆలస్యం చేయకుండా మెయిన్ ఆపాలని ఇప్పుడు మా కుర్రాడికి కూడా తెలుసు. మళ్లీ వేసి చూద్దాం అనుకోకూడదు. న్యూట్రల్ వైరు ముట్టుకుంటే ఏం కాదన్న మాట కూడా అప్పుడు చెల్లదు, తెగిన చోటు నుంచి లోపలికి అదీ కరెంటు వైరే.

"మర ఒక్కటే కాదు, ఇల్లు కూడా చూస్తాను" అని ఆయన పైకెక్కారు. మా తాతగారు 1962లో కట్టిన ఇల్లు. టేకు పట్టీల మీద క్లిప్పులు కొట్టి లాగిన వైరింగ్, గుండ్రటి నల్ల స్విచ్చులు, పింగాణీ ఫ్యూజులు. వంటింట్లో ఒక వైరు వంచితే దాని రబ్బరు తొడుగు మరమరాల్లా రాలి కింద పడింది. మెగ్గర్ పెట్టి చూశారు. వైరు తొడుగు కరెంటుని ఎంత గట్టిగా ఆపుతోందో చెప్పే పరికరం అది. కనీసం 1 మెగ్‌ఓం ఉండాలి. వంటింటి లైనుకి 0.2 వచ్చింది.

అప్పుడు అమ్మ అడిగింది. "మరి కుళాయి ముట్టుకుంటే జిల్లుమంటుంది కదా, అది కూడా దీనివల్లేనా?"

ఆయన చేతిలో పని ఆపేశారు. "ఎన్నాళ్లనుంచమ్మా?"

"రెండేళ్లవుతోంది. గీజరు వేసినప్పుడే. చెయ్యి తడిగా ఉంటే ఎక్కువ. నేను పొడి గుడ్డతో తిప్పుతాను."

మాకెవరికీ చెప్పలేదా అంటే, చెప్పింది. "ఆఁ, కొంచెం కరెంటు వస్తోంది" అని మేమూ విన్నాం, వదిలేశాం. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వనిది నాన్న షాకు కాదు. అమ్మ ఆ పొడి గుడ్డ.

కారణం వెతకడానికి పూటంతా పట్టింది. తాతగారి కాలంలో ఇంటి ఎర్తు తీగని నీళ్ల ఇనుప గొట్టానికి కట్టారు. అప్పట్లో చాలా ఇళ్లలో అలాగే కట్టేవారట. గొట్టం భూమిలోకి వెళ్తుంది కాబట్టి ఎర్తు సరిపోయేది. రెండేళ్ల కిందట గొట్టం తుప్పుపట్టి కారుతోందని కింద భాగం తీసేసి ప్లాస్టిక్ గొట్టం వేయించాం. ప్లంబరు తన పని తాను సరిగ్గానే చేశాడు. కానీ ఆ రోజుతో ఇంటికి ఎర్తు పోయింది. గీజరులో లీకయ్యే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోయే దారి లేక, పైన మిగిలిన ఇనుప ముక్కలోకి, కుళాయిలోకి వచ్చి కూర్చుంది. అమ్మ చెయ్యే దానికి దారి. పాత ఇంట్లో ఉన్నవాళ్లు నీళ్ల గొట్టాలు మార్పిస్తే, మీ ఎర్తు ఎక్కడ కట్టి ఉందో ఆ రోజే చూపించుకోండి. దయచేసి.

ఇంకోటి కూడా బయటపడింది. పాత బోర్డులో ఫేజుకీ, న్యూట్రల్‌కీ రెండింటికీ ఫ్యూజులున్నాయి. న్యూట్రల్ ఫ్యూజు పోతే లైటు వెలగదు, కరెంటు లేదనుకుని చెయ్యి పెడతాం, ఫేజు మాత్రం అక్కడే ఉంటుంది. మర ఫ్యూజుల్లో నాన్న సీజనుకి ఊరికే పోతున్నాయని తీగ రెండు మడతలు వేసి పెట్టారు. అది విని ఎలక్ట్రీషియన్ గారు ఏమీ అనలేదు. ఆ మడత తీగని తీసి నాన్న చేతిలో పెట్టారంతే.

పని పదమూడు రోజులు పట్టింది. పండగ గిరాకీ పోయింది. బేసిన్లన్నీ పూర్ణా మార్కెట్ వైపున్న ఇంకో మరకి మోసి పట్టించి తెచ్చి ఇచ్చాం. డబ్బు వివరాలు రాయను. ఒక్కటి మాత్రం చెప్తాను, వైరు దగ్గర బేరం ఆడలేదు. డాబాగార్డెన్స్‌లో కొన్నప్పుడు ఐఎస్ఐ ముద్ర చూసి, లైట్లకి 1.5, ప్లగ్గులకి 2.5, గీజరుకి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు తీసుకున్నాం.

మీటర్లు మర గోడ మీంచి వీధి గుమ్మం పక్క గోడకి మార్పించాం. చెక్క తీసేసి, పిండి దూరని ఇనుప పెట్టె పెట్టాం. అల్యూమినియం, రాగి కలిసే చోట రెండు లోహాలకీ సరిపోయే లగ్గు, అంటే వైరు కొసకి తొడిగే లోహపు ముక్క, వేసి అదిమారు. స్టార్టర్‌లో ఒక ఫేజు పోతే మోటారు ఆగిపోయే ఏర్పాటు, లైట్ల వైపు వోల్టేజీ హద్దు దాటితే కట్టయ్యే ఏర్పాటు పెట్టారు. మోటారు బాడీకి రెండు వేర్వేరు ఎర్తు తీగలు. పెరట్లో పాత ఎర్తు గొయ్యి తవ్వితే పైపు అడుగు లోతు కూడా లేదు, ఉప్పు తినేసింది. ఈసారి రాగి పూత కడ్డీ దింపి, ఉప్పు బొగ్గులకి బదులు తేమ పట్టి ఉంచే మట్టి నింపారు. లైసెన్సున్న కాంట్రాక్టరు సంతకంతో టెస్ట్ రిపోర్టు ఇచ్చాకే కరెంటు మళ్లీ ఇచ్చారు.

అయిపోయిందనుకుంటే అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది. ఇంటికి ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్ పెట్టారు. లోపలికి వెళ్లిన కరెంటూ, తిరిగి వచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని అది ఎప్పుడూ చూస్తూ ఉంటుంది. 30 మిల్లీఆంపుల తేడా వస్తే కన్ను మూసి తెరిచేలోపు కట్టేస్తుంది. ఫ్యూజుకి బదులు పెట్టే మామూలు ఎమ్‌సీబీ స్విచ్ ఆ పని చేయదు, అది వైరుని కాపాడుతుంది. మనిషిని కాపాడేది ఇది. పెట్టిన రోజు రాత్రి నుంచీ ఊరికే పడిపోతోంది. ఒక్కోసారి మెట్ల లైటు వేస్తే, ఒక్కోసారి ఏమీ వేయకుండానే. రెండో రోజు మా చిన్నాన్న వచ్చి, "అది తీయించెయ్యరా, నేరుగా కలిపించెయ్, ఇన్నేళ్లు లేనిది ఇప్పుడెందుకు?" అన్నారు. పిల్లలకి పరీక్షలు, అమ్మకి చీకట్లో మెట్లు. నేనూ సగం ఒప్పుకున్నాను.

ఎలక్ట్రీషియన్ గారు ఒప్పుకోలేదు. "బాబూ, అది తప్పు చెప్పట్లేదు. తప్పు ఎక్కడుందో చెప్తోంది. ఒక్క రోజు టైమివ్వండి" అన్నారు. ఒక్కో లైను విప్పుకుంటూ వెళ్లి చివరికి మెట్ల దగ్గర పట్టుకున్నారు. మెట్ల లైటుకి ఫేజు పై ఇంటి నుంచి, న్యూట్రల్ కింద మర లైను నుంచి వస్తోంది. ఎప్పుడో వైరు ఆదా చేయడానికి దగ్గర్లో ఉన్నది కలిపేశారు. ఒక దారిన వెళ్లిన కరెంటు ఇంకో దారిన తిరిగి వస్తుంటే ఆర్‌సీసీబీకి అది లీకే. ఆ న్యూట్రల్ మార్చాక లైటు వేస్తే పడిపోవడం మానేసింది. ఏమీ వేయకుండా పడిపోవడానికి కారణం పాత గీజరు. అమ్మ చేతికి తగిలిన కరెంటునే ఆర్‌సీసీబీ కూడా పట్టుకుంది. గీజరు మార్చాం.

ప్రతి నెలా ఒకటో తారీఖున నాన్న దాని మీదున్న టెస్ట్ బటన్ నొక్కుతారు. టక్కుమని పడితే బాగున్నట్టు. పైన ఫ్యాన్ ఆగగానే అమ్మ కేకేస్తుంది, "ఒకటో తారీఖా?" అని. మీటరు పెట్టె తలుపు లోపల 1912, 101, మా రెండు సర్వీసు నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి అంటించాను. దాని కింద గోడకి మందుల షాపాయన దగ్గరున్నలాంటి ఎర్ర సిలిండరు వేలాడుతోంది.

దేవుడి గదికి ఇంకా కొత్త వైరు లాగలేదు. డబ్బు కూడాక లాగుదామని పాత లైను మొత్తం కత్తిరించి పక్కన పెట్టేశాం. అమ్మ అక్కడ దీపం వెలుతురులోనే పూజ చేసుకుంటోంది.